కాగితపు లైసెన్సు నుంచి కెమెరా వరకు: నగర రహదారి రుసుముల చరిత్రలో డిజిటల్ సాంకేతికత

కర్బన ఉద్గారాలు తక్కువగా ఉండే నగరాల గురించిన చర్చ తరచుగా సెన్సర్లు, కెమెరాలతోనే ప్రారంభమవుతుంది. రహదారి రుసుముల చరిత్ర మాత్రం వేరొక క్రమాన్ని సూచిస్తుంది.

1975 జూన్‌లో సింగపూర్ ప్రభుత్వం ఉదయపు రద్దీవేళ నగర కేంద్రంలోకి ప్రవేశించే కార్లపై రోజుకు 3 డాలర్ల రుసుము విధించింది. అందుకు వాడిన సాధనం ముందు అద్దానికి అతికించే కాగితపు లైసెన్సు. ప్రవేశమార్గాల వద్ద సిబ్బంది దానిని కంటితోనే గుర్తించేవారు. నలుగురు కలిసి ప్రయాణించే కారుకు మినహాయింపు ఉండేది. నియంత్రిత వేళల్లో ప్రవేశించే వాహనాలు 40 శాతానికి పైగా తగ్గాయి. లక్ష్యం రద్దీ నివారణే. ఉద్గారాల ప్రస్తావన ఇంకా అందులోకి రాలేదు.

ఎలక్ట్రానిక్ పద్ధతిని ముందుగా పరీక్షించినది హాంకాంగ్. 1983–85 మధ్య సుమారు 2,500 వాహనాలకు ఎలక్ట్రానిక్ నంబరు ప్లేట్లు అమర్చి, రోడ్డులో పాతిన తీగచుట్టల ద్వారా వాటిని గుర్తించారు. సాంకేతికంగా ప్రయోగం ఫలించింది, పథకం అమలు కాలేదు. ఏ కారు ఎప్పుడు ఎక్కడ తిరిగిందో ప్రభుత్వం వద్ద నమోదవుతుందన్న భయం వ్యతిరేకతకు ఒక ప్రధాన కారణం. నగరాన్ని చైనాకు అప్పగించే ఒప్పందం కుదిరిన సంవత్సరాలలో అది నిరాధారమైన భయమని కొట్టివేయడం సులభం కాదు.

1998లో సింగపూర్ ఎలక్ట్రానిక్ విధానానికి మారినప్పుడు ఈ అభ్యంతరానికి రూపకల్పనలోనే సమాధానం ఉంది. వాహనంలోని పరికరంలో ముందే సొమ్ము నింపిన కార్డు ఉంచాల్సి ఉండేది. గ్యాంట్రీ దాటగానే రుసుము అక్కడికక్కడే తగ్గేది. నిబంధన ఉల్లంఘించిన వాహనాలకే ఫొటో తీసేవారు. రోజువారీ రుసుము పోయి, వేళను బట్టి మారే రుసుము ప్రతి ప్రవేశానికీ వచ్చింది. కాగితంతో సాధ్యంకాని సూక్ష్మత ఇదే. పాత పద్ధతితో పోలిస్తే రాకపోకలు మరో 10–15 శాతం తగ్గాయి.

ఉద్గారాల లెక్క స్పష్టంగా తేలినది స్టాక్‌హోమ్‌లో. 2006 జనవరి నుంచి జూలై వరకు జరిగిన ప్రయోగంలో నగర సరిహద్దు దాటే వాహనాలు సుమారు 20 శాతం, లోపలి నగరంలో వాహనాల కార్బన్ డయాక్సైడ్ సుమారు 14 శాతం తగ్గాయి. కొత్త బస్సులను అంతకుముందే ప్రవేశపెట్టారు. ఫలితాన్ని అనుభవించిన తరువాతే, సెప్టెంబరులో, నగర ప్రజలు ఓటు వేసి ఆమోదించారు; 2007లో రుసుము శాశ్వతమైంది.

భారతదేశంలో 2021 ఫిబ్రవరి నుంచి జాతీయ రహదారుల టోల్ కేంద్రాల వద్ద ఫాస్టాగ్ తప్పనిసరి అయింది. అంటే గుర్తింపు పరికరం కార్లకు ముందే అమరింది, కాని అది వసూలు చేసేది రహదారి వినియోగపు రుసుమే, నగర కేంద్రంలో ప్రవేశానికి ధర కాదు. ప్రతి చెల్లింపూ వాహన యజమాని ఖాతాలో నమోదవుతుంది కనుక, దానిని నగర రుసుముకు వాడదలచిన నాడు హాంకాంగ్ ప్రజలు వేసిన ప్రశ్నకే మొదట జవాబు చెప్పవలసి ఉంటుంది.