అమేడియస్ చతుష్టయము

పాశ్చాత్యుల తంత్రీచతుష్టయమున రెండు ఫిడేళ్లు, ఒక వయోలా, ఒక చెల్లో. నడుపువాడు వేఱుగా లేడు. 1938లో ఆస్ట్రియా జర్మనీ వశముకాగా బ్రెయినిన్, నిస్సెల్, షిడ్లోఫ్ అను యూదు బాలురు మువ్వురు వియన్నా విడిచి ఇంగ్లండు చేరిరి. శరణిచ్చిన దేశమే 1940లో వారిని శత్రుదేశీయులని నిర్బంధించెను. వింత యేమనగా, వారికి పరస్పర పరిచయము కలిగినది ఆ శిబిరములలోనే! పిదప మాక్స్ రోస్టాల్ వేతనము గొనక వారికి విద్య గఱపెను. మన గురుకులములు జ్ఞప్తికి వచ్చుచున్నవి. ఆంగ్లేయుడగు లవెట్ చెల్లోతో జేరెను. షిడ్లోఫ్ తన ఫిడేలు విడిచి వయోలా చేబట్టెను. అలవడిన వాద్యమును మార్చుట యెంత కష్టమో విద్వాంసులెఱుగుదురు. మొజార్టు నామములోని పదమునే పేరుగా గొని, 1948 జనవరి 10వ తేదీన లండను విగ్మోర్ హాలులో వాయించిరి. నలువదేండ్లు ఒక్కరును మాఱలేదు. 1987లో షిడ్లోఫ్ గతింపగా, తక్కినవారు వేఱొకని జేర్చుకొనక బృందమునే చాలించిరి.