మిలిటరీ రమ్ముకి మళ్లీ పరీక్ష

డాబా మీదకి రండి. మెట్ల దగ్గర తల కాస్త వంచాలి. తాడేపల్లిగూడెం పక్కన మాధవరం ఇది. తరతరాలుగా కుర్రాళ్లు సైన్యంలోకి వెళ్తున్న ఊరు కాబట్టి అంతా మిలిటరీ మాధవరం అంటారు. సంక్రాంతి దగ్గర పడింది. కింద వీధిలో ముగ్గులు పెడుతున్నారు, పైన మంచు దిగుతోంది. నవారు మంచం మీద సుబేదారుగా రిటైరైన మావయ్య, ప్లాస్టిక్ కుర్చీలో డల్లాస్ నుంచి వచ్చిన మేనల్లుడు. మధ్యన స్టూలు మీద రెండు సీసాలు.

ఒకటి మీకు తెలిసిందే. పొట్టిగా, బొద్దుగా, గాజంతా గళ్లు గళ్లుగా ఉండే ఓల్డ్ మాంక్. క్యాంటీన్ కోటాలో వచ్చింది. రెండోది విమానాశ్రయంలో కొన్నది. కార్కు మూత, బంగారు అక్షరాలు. దాని ఖరీదుకి మొదటివి అరడజను పైనే వస్తాయి.

"మావయ్యా, నువ్వు తాగేది అసలు రమ్మే కాదు. వెనిలా వాసన, రంగు, అంతే."

"ముప్పై ఏళ్లుగా తాగుతున్నాన్రా. నాకు చెప్తున్నావా?"

"తాగావు. థమ్సప్ పోసుకుని తాగావు. రుచి ఎప్పుడు చూశావు?"

మావయ్య దగ్గర దీనికి జవాబు లేదు. నా దగ్గరా లేదు. మన దగ్గర చవక రమ్మంటే కోలాలో కలపాలి, చలికాలమైతే వేణ్ణీళ్లలో కలపాలి. ఉత్తిగా నాలుక మీద పెట్టుకుని చూసినవాళ్లు అరుదు. మంచిదనేవాళ్లు పాత జ్ఞాపకాల్ని బట్టి అంటారు, చెత్తనేవాళ్లు ధరను బట్టి అంటారు.

సరే, పరీక్ష. ఐసు లేదు, సోడా లేదు. రెండు ఒకేలాంటి గాజు గ్లాసులు వంటింట్లోకి వెళ్లాయి. "పండగ పూట ఇదేం పరీక్షరా" అని సణుగుతూనే అత్తయ్య చాటుగా పోసి, తమలపాకుల పళ్లెంలోంచి సున్నం తీసి ఒక గ్లాసు అడుగున చుక్క పెట్టి పంపింది. ఏది ఏదో ఆవిడకొక్కదానికే తెలుసు. పది నిమిషాలు కదపకూడదు, ఘాటు కాస్త ఎగిరిపోవాలి.

ఈలోగా సీసా అటూ ఇటూ తిప్పి చూడండి. 42.8 శాతం. ఈ వింత అంకె బ్రిటిష్ వాళ్ల కొలత మనకి వదిలింది. వాళ్ల లెక్కలో నూరు ప్రూఫ్ అంటే 57.15 శాతం, అందులో ముప్పావు వంతు మన 75 ప్రూఫ్. కంపెనీ కథా అక్కడే మొదలవుతుంది. 1855లో కసౌలీలో బీరు కాచిన ఎడ్వర్డ్ డయ్యర్, జలియన్‌వాలాబాగ్‌లో కాల్పులు జరిపించిన డయ్యర్‌కి స్వయానా తండ్రి. 1949లో ఆ కంపెనీ మోహన్ కుటుంబం చేతికి వచ్చింది, 1954లో ఈ రమ్ము పుట్టింది. దాన్ని దేశమంతా నిలబెట్టిన బ్రిగేడియర్ కపిల్ మోహన్ మందు ముట్టేవాడు కాదట. ప్రకటనలకీ డబ్బు పెట్టలేదు.

ఇప్పుడు గ్లాసు ముక్కు దగ్గరకి తెచ్చుకోండి. నోరు కొంచెం తెరిచి ఉంచండి, లేకపోతే స్పిరిటే కొడుతుంది. కుడివైపు గ్లాసులో ముందు వెనిలా, వెనకాలే ఎండు ద్రాక్ష, కాస్త ఆగితే లవంగం, అడుగున మాడీ మాడని బెల్లం పాకం. ఎడమవైపు దానిలో అన్నీ మెత్తమెత్తగా ఉన్నాయి. తేనె, అరటిపండు, కొత్త చెక్క.

ఇద్దరూ వాసనకే తమ సీసాని పోల్చేశారు. సున్నం చుక్క కుడిదాని కింద ఉంది, అదే ఓల్డ్ మాంక్. కానీ గుర్తుపట్టడం వేరు, తూకం వెయ్యడం వేరు.

నాలుక మీద వేసుకోండి. మింగకండి. ఓల్డ్ మాంక్ మొదట బరువుగా, తియ్యగా పరుచుకుంటుంది. మధ్యలో చెక్క చేదు ఒకటి వస్తుంది, నాకు నచ్చింది అదే. ఆ తర్వాత చతికిలబడుతుంది. గొంతులో మంట మిగులుతుంది, రుచి నిలవదు. ఒక చెంచా నీళ్లు పోస్తే మంట తగ్గి లవంగం పైకొస్తుంది. రెండోది పట్టులా జారింది. మరీ తేలిగ్గా జారింది, నాకు అక్కడే అనుమానం వచ్చింది.

అత్తయ్య స్నానాల నీళ్లు కాచిన కాగు మంట ఆర్పేశాక కూడా పొగలు కక్కుతోంది. రెండు స్టీలు సాసర్లలో తలా కొంచెం రమ్ము వేసి దాని మూత మీద పెట్టాం. కాసేపటికి సారం ఆవిరైపోయి రెండింట్లోనూ గోధుమరంగు మరక మిగిలింది. ఖరీదైనదాంట్లో వేలు పెట్టిన మేనల్లుడికి అది జిగురుగా అంటుకుంది. పంచదార. ఖరీదైన రమ్ముల్లో చాలావాటికి ఈ అలవాటుంది. ఐరోపా సమాఖ్యలో 2021 నుంచి లీటరుకి 20 గ్రాములు మించి తీపి కలిపితే దాన్ని రమ్మని అమ్మకూడదు. సీసా మీద పెద్దక్షరాల్లో ఉండే వయసూ కొన్నిసార్లు అందులో అన్నిటికంటే పాత పీపాదే, మిగతావి కుర్రవి.

అలాగని మావయ్యని గెలిపించను. ఆయన సీసా మీదా ఏడేళ్లని ఉంది. స్కాట్లాండులో పీపాలోంచి ఏటా 2 శాతం ఎగిరిపోతే, బెంగళూరులో 10 శాతం దాటుతుందని అక్కడి విస్కీవాళ్లే చెబుతారు. ఘజియాబాద్ మోహన్‌నగర్‌లో మే నెల ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఏటా పదో వంతు పోతే ఏడేళ్లకి సగం కూడా మిగలదు. మరి ఈ ధరకెలా అమ్ముతారు?

"పీపా చిన్నదైతే తొందరగా ఎగిరిపోద్ది. పెద్ద తొట్లలో అంత పోదురా," అన్నాడు మావయ్య.

ఆ మాట నిజమే. కానీ పెద్ద తొట్టిలో చెక్క రుచి కూడా అంత త్వరగా దిగదు. ఆ చేదు నాలుకకి తగిలింది కాబట్టి ఇందులో ముదురు సరుకు ఉందని ఒప్పుకుంటాను. ఎంత ఉందన్నది నాలుక చెప్పలేదు. ముక్కుకి సమానం, నోట్లో దీనిదే పైచేయి, గొంతు దగ్గర ఓటమి. ఈ ధరకి ఇంతకంటే అడగను.

మావయ్యకి ఈ తీర్పు చాల్లేదు. "ఇంకో పరీక్షుంది," అని డల్లాస్ సీసా ఎత్తి థమ్సప్‌లో వంపాడు. మేనల్లుడు కేక పెట్టాడు. పక్కనే ఓల్డ్ మాంక్ కూడా అదే కొలతలో కలిపాడు. కోలాలో లవంగం, బెల్లం ఇంకా పలుకుతూనే ఉన్నాయి. డల్లాస్ సీసాది కలిపిన గ్లాసు మేనల్లుడి చేతికిచ్చాడు. వాడు ఒక గుక్క వేసి, గ్లాసు లైటుకి ఎత్తి చూసి, "దీన్లో రమ్ము పోశావా లేదా?" అని అడిగాడు.