తాబి చలి, తెల్లహంస: దక్షిణ తెలంగాణ వరి వైవిధ్యంపై ఒక చారిత్రక పరిశీలన

నిజాం కాలపు రెవెన్యూ వ్యవహారంలో తరి సాగుకు ఆబి, తాబి అని రెండు పంటలు. ఆబి వానాకాలపు పంట, తాబి యాసంగి పంట. ఈ విభజన శిస్తు కోసం ఏర్పడినదే అయినా, నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్ట ప్రాంతాలలో వరి వంగడం ఎదుర్కొన్న రెండు వేర్వేరు పరీక్షలను అది సూచిస్తుంది. వాటిలో తాబి పరీక్షను పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

కందూరు చోళుల నాటి పానగల్లు ఉదయసముద్రం మొదలుకొని ఈ ప్రాంతపు వరి చెరువును నమ్ముకున్నది. వాన తప్పితే ఆబికి బెట్ట తప్పదు. చెరువు నిండిన ఏడు తాబి సాగితే, దక్కన్ పీఠభూమి చలిలో నారు ఎదగక పసుపుబారుతుంది. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదలడంతో నల్లగొండ ఆయకట్టుకు నీరు దక్కింది. కాలువ నీరు బెట్టను తగ్గించగలదు గాని చలిని తగ్గించలేదు.

1971లో రాజేంద్రనగర్ పరిశోధన కేంద్రం విడుదల చేసిన తెల్లహంస ఆ చలిని తట్టుకొని, తెలంగాణ యాసంగికి అనువైన రకంగా నిలిచింది. దాని జన్మవృత్తాంతం గమనింపదగినది. తల్లి హెచ్‌ఆర్ 12, తండ్రి తైవాన్ పొట్టి రకం తైచుంగ్ నేటివ్ 1. మొదటిది అగ్గితెగులుకు, రెండవది బాక్టీరియా ఎండాకు తెగులుకు సులభంగా లొంగుతాయి. అందుకే తెగుళ్ల పరీక్షలలో నేటికీ వాటిని పోలిక కోసం నాటుతారు. తెగుళ్లకు తట్టుకోలేవన్న కారణంతో ఈ రెండింటినీ ముందే వదిలివేసి ఉంటే తెల్లహంస పుట్టేది కాదు.

తరువాతి చరిత్ర కూడా ఇదే చెబుతున్నది. 1986లో బాపట్ల నుండి వచ్చిన సాంబ మసూరి సన్నబియ్యపు నాణ్యతతో విస్తరించింది. అయితే ఎండాకు తెగులుకు లొంగేది. ఆ లోపాన్ని సరిదిద్ది 2008లో హైదరాబాదు సంస్థలు అందించిన మెరుగైన సాంబ మసూరిలోని మూడు నిరోధక జన్యువులలో ఒకటైన ఎక్స్‌ఏ 21, ఆఫ్రికాకు చెందిన అడవి వరి నుండి వచ్చింది. కంకి పండించి అమ్ముకోదగిన మొక్క కాదది. భద్రపరచినందువల్లనే అక్కరకు వచ్చింది.

కనుక ఒక వంగడం విలువను ఒక కాలపు దిగుబడితోనో, ఒక తెగులుతోనో నిర్ణయించడం చారిత్రకంగా సరికాదు. మార్కెట్టు కోరే కొద్దిపాటి సన్నరకాలే పొలాలను నింపుతున్న నేడు, రైతుల ఇళ్లలో మిగిలిన నాటు విత్తనాన్ని దాని పేరు, నేల, పంటకాలం వివరాలతో సహా సేకరించడం వ్యవసాయ శాస్త్రజ్ఞుల పని మాత్రమే కాదు, స్థానిక చరిత్రకారుల బాధ్యత కూడా. వివరాలు లేని విత్తనం ఏ పరీక్షను తట్టుకొని వచ్చిందో తరువాతి తరానికి తెలియదు.