సంక్రాంతి బొమ్మలకొలువు: మన గృహములందలి చరిత్రము



చరిత్రమన్నంతనే మనకు కోటలును, శాసనములును, యుద్ధములును జ్ఞప్తికి వచ్చును. మన యిండ్ల అటుకలపై, పాతచీరల పేలికలలో చుట్టబడి, కఱ్ఱపెట్టెలలో పరుండియున్న చరిత్రము మాత్రము తఱచుగా మన దృష్టికి రాదు. వట్లూరు, ఏలూరు ప్రాంతములందు మన గృహిణులు సంక్రాంతికి తీర్చు బొమ్మలకొలువు అట్టి చరిత్రమే.

తమిళదేశమునను, మైసూరుసీమయందును నవరాత్రులలో కొలువు తీర్తురు. ఆంధ్రదేశమున దసరాకు తీర్చువారును కలరు. కాని కోస్తాజిల్లాలలో సంక్రాంతియే దీనికి ముఖ్యసమయము. ధాన్యము గాదెకు చేరి, ఆడపడుచులు పుట్టింటికి వచ్చు కాలమగుటచే నిది మిక్కిలి యుక్తముగా నున్నది.

మెట్లు మూడుగాని, అయిదుగాని, తొమ్మిదిగాని, బేసిసంఖ్యలోనే యుండవలెను. పెట్టెలను, బల్లలను పేర్చి, తెల్లనివస్త్రము పఱచి, పైమెట్టున దేవతామూర్తులను, దశావతారములను నిలుపుదురు. క్రిందిమెట్టుపై పల్లెటూరు వెలయును. ఎడ్లబండి, తాటిచెట్టు నెక్కు గీతగాడు, రోకటితో దంచు పడతి, నీళ్లబిందెతో నింతి, అందఱకును అచ్చట తావు కలదు. ఒక్క వృత్తివాడు లోపించినను ఆ యూరు వెలితిగా దోచును. అన్ని కులముల శ్రమచే గ్రామము నిలుచునను సత్యమును మన పిల్లలు అక్షరాభ్యాసమునకు ముందే యిచ్చట కన్నులార చూచుచుండిరి.

ఈ బొమ్మలలో పెక్కులకు పుట్టినిల్లు కొండపల్లి. అచ్చటి శిల్పులు ఆర్యక్షత్రియులు. తమ పూర్వులు రాజస్థానమునుండి వచ్చిరని వారు చెప్పుకొందురు. తేలికయైన తెల్లపొణికి కఱ్ఱను ఎండబెట్టి, సెగపై కాచి తేమ పోగొట్టి, అవయవములను వేఱువేఱుగా చెక్కుదురు. చింతగింజల పిండిని రంపపుపొట్టుతో కలిపిన మక్కుతో వానిని అదికి, సుద్ద పూసి, సన్ననికుంచెలతో రంగులు దిద్దుదురు. 1889లో నిజాము రైలుమార్గము బెజవాడకు చేరినది. 1893–1896 సంవత్సరముల నడుమ తూర్పుతీరపు రైలుమార్గము బెజవాడనుండి కటకమువఱకు సాగినది. అంతకుముందు బండిత్రోవలను, ఏలూరుకాలువ పడవలను ఆశ్రయించిన మన ప్రాంతమునకు కొండపల్లి కొన్నిగంటల ప్రయాణమైనది. వరాహనదీతీరమందలి ఏటికొప్పాకబొమ్మలు వేఱుజాతివి. అంకుడుకఱ్ఱను తరిమెనపట్టి, తిరుగుచుండగనే లక్కరంగు పట్టింతురు. వానికి 2017లో భౌగోళికసూచిక గుర్తింపు లభించినది. ప్రకృతిసిద్ధమైన రంగులను పునరుద్ధరించిన సి. వి. రాజుగారు 2023లో పద్మశ్రీ బిరుదము నందిరి.

కొలువు మూడునాళ్లు తీర్చి, కడపట హారతి యిచ్చి, ఒక బొమ్మను పరుండబెట్టి, తక్కినవానిని పెట్టెల కెత్తుట మన పెద్దల యాచారము. ఇందు భక్తితోపాటు వివేకమును కలదు. సుద్దపై పూసిన రంగు ఎండకు వెలియును. కొల్లేటిగాలి తేమకు పొరలెత్తును. మెత్తనికఱ్ఱను పురుగు తొలుచును. చీకటిపెట్టెయు, పొడినూలుగుడ్డయు, ఎండువేపాకును బొమ్మల కాయువును పెంచినవి. నేడు పలువురు వానిని అద్దాలబీరువాలో ఏడాదిపొడుగునను నిలుపుచున్నారు. అది తప్పుగాదు. కాని బీరువా కిటికీయెండకును, చెమ్మగోడకును దూరముగా నుండవలెను. పెద్దవి వెనుకను, చిన్నవి ముందును నిలుపవలెను. తడిగుడ్డతో తుడువక, మెత్తనికుంచెతో దుమ్ము దులుపవలెను. దీపము బొమ్మలకు ఎడముగా నుండవలెను.

ఇంతకంటె గొప్పచిక్కు మఱియొకటి కలదు. పొణికిచెట్టు అరుదగుచున్నది; శిల్పుల బిడ్డలలో పలువురు అన్యవృత్తుల నాశ్రయించుచున్నారు. ఏటేట కొలువున క్రొత్తబొమ్మ నొకదానిని చేర్చవలెనను పూర్వనియమము వేడుకకొఱకే యేర్పడినది కాదు. శిల్పి యింట పొయ్యి వెలుగుటకును అదియే యాధారము. పాతబొమ్మలను కాపాడి, క్రొత్తవానిని కొనమానినచో, మనము దాచునది కళ గాదు, దాని జ్ఞాపకము మాత్రమే.

కావున మాతృమూర్తులకును, సోదరీమణులకును నా మనవి యిది. ఈ సంక్రాంతికి శిల్పి చేతినుండియే ఒక బొమ్మను కొనుడు. పెట్టెలోని ప్రతిబొమ్మకును చిన్నకాగితము చేర్చి, అది యెచ్చటిది, ఎవరు తెచ్చిరి, ఏ పుట్టింటినుండి వచ్చినది వ్రాసియుంచుడు. ఆడబిడ్డలకు పంచునపుడు ఆ కాగితమును కూడ పంచుడు. శాసనములు లేని మన స్త్రీల చరిత్రమునకు ఆ కాగితములే శాసనములు కాగలవు.