వయ్యారిభామ తరఫున దరఖాస్తు ఎవరు పెట్టారు?

మొక్కలకి పేర్లు పెట్టడంలో తెలుగువాళ్ళకి ఒక చిలిపితనం ఉంది. పార్థీనియం హిస్టెరోఫోరస్ అనే కలుపుమొక్కని మనం వయ్యారిభామ అంటాం. కాంగ్రెస్ గడ్డి అనే పేరూ ఉంది. తెల్లటి పూలు గాంధీ టోపీల్లా ఉంటాయని ఆ పేరు వచ్చిందని కొందరంటారు. కాంగ్రెస్ ప్రభుత్వం అమెరికా నుంచి తెప్పించిన గోధుమల్లో ఈ విత్తనాలు వచ్చాయి కాబట్టి అని ఇంకొందరు.

ఈ గోధుమల కథ ఎంత ప్రచారంలో ఉందంటే, తేదీలు చూడాలని ఎవరికీ తోచదు. పుణెలో ఈ మొక్క కంటబడింది 1955లో. ఆర్.ఎస్. రావు అనే వృక్షశాస్త్రవేత్త దాన్ని 1956లో నమోదు చేశాడు. పి.ఎల్. 480 కింద మనదేశంతో మొదటి ఒప్పందం కుదిరింది 1956 ఆగస్టులో. అంటే మొక్క ముందు, ఒప్పందం తర్వాత. 1951లో అప్పు మీద వచ్చిన గోధుమల్ని అనుమానించాలంటే అనుమానించవచ్చు. ఏ బస్తాలో వచ్చినా, ఎవరి అనుమతీ లేకుండా వచ్చిందన్నది మాత్రం ఖాయం. నాకు ఆసక్తి ఉన్న విషయం అదే.

అనంతపురంలాంటి చోట ఈ మొక్కకి పండగే. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే నేల అది. ఆ కాస్తా సమయానికి పడదు. శెనక్కాయ విత్తనం వేయడానికి పదును దొరకని ఏడు చేను బీడు పడుతుంది. ఒక్క చినుకు చాలు, ఆ బీడంతా వయ్యారిభామే. ఒక్కో మొక్క వేల విత్తనాలు రాలుస్తుంది. పశువులు దాన్ని ముట్టవు. మనుషులకి ముట్టక తప్పదు, చేత్తో పీకాల్సింది వాళ్ళే కదా.

అలా పీకినవాళ్ళలో కొందరికి కనురెప్పలు వాస్తాయి. మెడ, మోచేతి మడతలు, చెవుల వెనక చర్మం నల్లబడి, మందంగా మారి, రసి కారుతుంది. తమాషా ఏమిటంటే (బాధపడేవాళ్ళకి తమాషా కాదు), ఇది మొదటి రోజే రాదు. పదేళ్ళు కలుపు తీసినా ఏమీ కానివాడికి పదకొండో ఏట మొదలవ్వచ్చు. చర్మంలోని ప్రొటీన్‌కి ఒక చిన్న అణువు అతుక్కుంటే, రోగనిరోధక వ్యవస్థ ఆ జంటని పరాయిదిగా గుర్తుపెట్టుకుంటుంది. ఆ గుర్తు ఒకసారి పడిందంటే చాలావరకు జీవితాంతం ఉంటుంది. తర్వాత మొక్కని తాకనక్కర్లేదు, ఎండి పొడైన ఆకు గాల్లో ఎగిరొచ్చి ముఖం మీద పడినా చాలు.

చర్మం ఇలా గుర్తుపెట్టుకున్న విషయాన్ని బయటికి లాగే పద్ధతిని జోసెఫ్ యాడసోన్ అనే జర్మన్ డాక్టర్ 1895లో గ్రాజ్ నగరంలో జరిగిన సభలో వివరించాడు. పాదరసం మందు పడని రోగి చర్మం మీద కాస్త పాదరసమే అంటించి, అక్కడ మళ్ళీ ఎగ్జిమా రావడం చూపించాడు. ఇవాళ్టి ప్యాచ్ టెస్ట్‌కి మూలం అదే. అనుమానం ఉన్న పదార్థాల్ని వీపు మీద చిన్న చిన్న పట్టీలుగా అంటించి, రెండు రోజులు ఉంచి, తీసి చూస్తారు. మళ్ళీ ఒకటి రెండు రోజులాగి ఇంకోసారి చూస్తారు.

పార్థీనియం విషయంలో ఆ పని 1970లలో జరిగింది. లోంకర్, మిచెల్, కల్నాన్ అనే ముగ్గురు 1974లో ఈ మొక్క వల్ల వచ్చే చర్మవ్యాధి గురించి వ్యాసం వేశారు. బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో పి.వి. సుబ్బారావు బృందం రోగుల మీద పరీక్షలు చేసి, అసలు దోషి పార్థెనిన్ అనే అణువని 1970ల చివర్లో చూపించింది. పుణెలో మొక్క కనబడి అప్పటికి ఇరవై ఏళ్ళు దాటింది. ఆ ఇరవై ఏళ్ళూ పరీక్ష జరుగుతూనే ఉంది. ఎవరూ డిజైన్ చెయ్యని పరీక్ష అది, దక్కన్ పీఠభూమి మీద కలుపు తీసేవాళ్ళ చర్మం మీద.

ప్రపంచంలో మిగతా చోట్ల ముందే కనుక్కోవడం ఎలా అని బుర్రలు బద్దలుకొట్టుకుంటున్నారు. 1935లో కార్ల్ లాండ్‌స్టైనర్ (బ్లడ్ గ్రూపులు కనిపెట్టినాయనే), జాన్ జేకబ్స్ కలిసి గినీపందుల చర్మానికి చిన్న రసాయనాలతో అలర్జీ తెప్పించగలిగారు. 1969లో మాగ్నుసన్, క్లిగ్మన్ దాన్ని ఒక ప్రామాణిక పరీక్షగా మార్చారు. ఆల్బర్ట్ క్లిగ్మన్ పేరు దగ్గర కాస్త ఆగాలి. గినీపందుల కన్నా ముందు, 1966లో, ఇదే రకం పరీక్షని ఆయన మనుషుల కోసం తయారుచేశాడు. ఆయన ప్రయోగాలు ఎక్కువగా జరిగింది ఫిలడెల్ఫియాలోని హోమ్స్‌బర్గ్ జైల్లో, ఖైదీల మీద. 1974లో అవి ఆగిపోయాయి. టాక్సికాలజీ పుస్తకాల్లో ఆ పరీక్ష పేరు మామూలుగా కనబడుతుంది, జైలు పేరు కనబడదు.

2002లో ఎలుకలతో చేసే పరీక్ష అంతర్జాతీయ మార్గదర్శకాల్లోకి వచ్చింది. దానిలో చర్మం వాచేదాకా ఆగక్కర్లేదు, చెవి దగ్గరి లింఫ్ గ్రంథుల్లో కణాలు ఎంత వేగంగా పెరుగుతున్నాయో చూస్తారు. 2021లో ఓ.ఈ.సి.డి. జంతువులు లేకుండానే తేల్చే పద్ధతిని ఆమోదించింది. మూడు పరీక్షలు. రసాయనం ప్రొటీన్ ముక్కకి అతుక్కుంటుందా? చర్మకణాలు ఉలిక్కిపడతాయా? రోగనిరోధక కణాలు మేల్కొంటాయా? మూడింటిలో రెండు ఏది చెబితే అదే ఫలితం. సాఫ్ట్‌వేర్‌లో మేం మూడు సర్వర్లు పెట్టి మెజారిటీ మాట నమ్మినట్టే. ఇంత సాదాసీదా తర్కం ఇలాంటి చోట సరిపోవడం చూసి నాకు ముచ్చటేసింది. మొదటి పరీక్షలో వాడే ప్రొటీన్ ముక్కల్లో ఒకదానిలో సిస్టీన్ అనే అమైనో ఆమ్లం ఉంటుంది. పార్థెనిన్ అణువులో ఒక మూల ఉండే లాక్టోన్ వలయం సరిగ్గా ఆ సిస్టీన్‌కే వెళ్ళి అతుక్కునే రకం.

అంటే ఈ రసాయనాన్ని ఎవరైనా ఒక సీసాలో పోసి, లేబుల్ అంటించి అమ్మాలనుకుని ఉంటే, వాళ్ళని ఆపే ప్రశ్నలు ఇవాళ మన దగ్గర ఉన్నాయి. శెనక్కాయ మీద కొట్టే మందు అమ్మాలంటే 1968 నాటి క్రిమిసంహారక మందుల చట్టం కింద రిజిస్ట్రేషన్ కావాలి, విషప్రభావాల చిట్టా సమర్పించాలి. ముఖానికి రాసుకునే క్రీముల విషయంలో 2014లో మనదేశం జంతువుల మీద పరీక్షల్నే నిషేధించింది. ఈ ఏర్పాట్లన్నిటికీ ఒక దరఖాస్తుదారు ఉండాలి. ఒక కంపెనీ, ఒక చిరునామా, ఒక సంతకం. వయ్యారిభామ తరఫున సంతకం పెట్టినవాడు లేడు. కాబట్టి అడగడానికి మనిషీ లేడు, పరిహారం కట్టడానికి మనిషీ లేడు.

ప్యాచ్ టెస్ట్ కిట్లలోనూ ఇదే కనబడుతుంది. యూరప్‌వాళ్ళ ప్రామాణిక కిట్‌లో ఈ జాతి మొక్కల కోసం మూడు రసాయనాల మిశ్రమం ఒకటి పెట్టారు. అందులో పార్థెనిన్ లేదు. వాళ్ళ పొలాల్లో ఈ మొక్క బాధ పెద్దగా లేదు, వాళ్ళ తప్పు కాదు. దాన్నే తెచ్చుకుని వాడితే మన రైతుల్లో చాలామందికి ఏమీ లేదనే వస్తుంది. అందుకే మన చర్మవైద్యులు తయారుచేసుకున్న ఇండియన్ స్టాండర్డ్ సిరీస్‌లో పార్థీనియంకి విడిగా ఒక చోటు ఇచ్చారు.

కిట్ ఉన్నా పరీక్ష జరగడం ఇంకో సంగతి. పట్టీలున్నన్నాళ్ళూ వీపు తడవకూడదు, చెమట పట్టకూడదు. వారంలో మూడుసార్లు ఆసుపత్రికి రావాలి. కూలికి వెళ్ళే మనిషికి అది మూడు రోజుల కూలి, మూడుసార్లు బస్సు చార్జీ. అంతా అయి ఫలితం వచ్చాక డాక్టర్ మందులు రాసిస్తాడు, ఆ మొక్కకి దూరంగా ఉండమంటాడు. ఆ మాట విని తిరిగి వెళ్ళే దారి పొడుగునా, బస్సు దిగే స్టేజీ దగ్గరా, ఇంటి వెనక దొడ్లోనూ అది పూసి ఉంటుంది.