డెబిట్ కార్డుతో విదేశీ కరెన్సీ కొనుగోలు: బ్యాంకు రుసుములు

డెబిట్ కార్డుతో విదేశీ కరెన్సీ కొనడం అనే మాటను జనం రెండు వేర్వేరు పనులకు వాడుతుంటారు. హైదరాబాదులోని లక్డీకాపూల్, పంజాగుట్ట, అమీర్‌పేట ప్రాంతాల్లో బ్యాంకుకో మనీ ఛేంజర్ దగ్గరికో వెళ్లి, కార్డు గీకి డాలర్లు, దిర్హామ్‌లు నోట్ల రూపంలో తీసుకోవడం మొదటిది. అదే కార్డును జేబులో పెట్టుకుని విమానం ఎక్కి, దిగిన చోట ఏటీఎంలోనో దుకాణంలోనో వాడుకోవడం రెండోది. మొదటి దాంట్లో ఖాతాదారుడు కొంటున్నానని తెలిసే కొంటాడు. రెండో దాంట్లో ప్రతి లావాదేవీకీ కొద్దికొద్దిగా విదేశీ కరెన్సీ కొంటున్నా, ఆ సంగతి అతని దృష్టికి రాదు. రుసుముల తీరు కూడా ఈ రెంటికీ పూర్తిగా వేరు.

రూపాయి ఇచ్చి రూపాయి కొనుక్కునే అవస్థ ఈ నగరానికి పూర్వం నుంచే తెలుసు. నిజాం రాజ్యానికి సొంత నాణెం ఉండేది, దాన్ని హాలీ సిక్కా అనేవారు. బ్రిటిష్ ఇండియా రూపాయిని ఇక్కడి జనం కల్దార్ అని పిలిచేవారు. ఆరు కల్దార్ రూపాయలకు ఏడు హాలీ రూపాయలు, అంటే వంద కల్దార్లకు 116 రూపాయల 10 అణాల 8 పైలు అన్నది ఖరారైన మారకం. హైదరాబాదు నుంచి బెజవాడ వెళ్లాలన్నా డబ్బు మార్చుకోవాల్సిందే. ఈ మారకాన్ని ఒక పద్ధతిలో పెట్టే బాధ్యత 1941లో చట్టం ద్వారా ఏర్పడిన హైదరాబాద్ స్టేట్ బ్యాంకుకు వచ్చింది. అదే 1956 తర్వాత స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ అయి, 2017 ఏప్రిల్ 1న భారతీయ స్టేట్ బ్యాంకులో కలిసిపోయింది. హాలీ సిక్కా చెలామణీ 1959తో ముగిసింది.

ఇప్పుడు విదేశీ మారకానికి సంబంధించిన నిబంధనలు చేసేది రిజర్వు బ్యాంకు. దాని ప్రాంతీయ కార్యాలయం లక్డీకాపూల్‌ను ఆనుకుని ఉన్న సైఫాబాదులో సచివాలయం దారిలో ఉంది. లక్డీకాపూల్ నుంచి మెట్రోలో నాలుగు స్టేషన్ల దూరంలోని అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ కోర్సులు నేర్చుకునేందుకు ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలు గదులు అద్దెకు తీసుకుని ఉంటారు. పక్కనే బేగంపేటలోని పైగా ప్యాలెస్‌లో 2008 నుంచి 2023 మార్చిలో నానక్‌రామ్‌గూడకు మారేదాకా అమెరికా కాన్సులేట్ నడిచింది. వీసా ముద్ర పడ్డ పాస్‌పోర్టు చేతికి వచ్చినవారికి తర్వాతి పని డాలర్లు కొనడమే. గల్ఫ్‌కు వెళ్లే కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల వాళ్లకూ, నాంపల్లి హజ్ హౌస్ నుంచి బయల్దేరే యాత్రికులకూ కావలసింది రియాళ్లు, దిర్హామ్‌లు. తొలిసారి ప్రయాణం కట్టేవాళ్లే వీరిలో ఎక్కువ. రుసుముల సంగతి తెలియకపోతే నష్టపోయేదీ వాళ్లే.

కౌంటర్ దగ్గర

మనీ ఛేంజర్ దగ్గర కార్డు గీకినప్పుడు జరిగేది పూర్తిగా దేశీయ లావాదేవీ. మిషన్ ఇక్కడిదే, దుకాణం ఇక్కడిదే, ఖాతాలోంచి పోయేవి రూపాయలే. కాబట్టి కార్డు ఇచ్చిన బ్యాంకు దీనిమీద విదేశీ మారకపు మార్కప్ వేయదు. ఇక్కడ కొనుగోలుదారు చెల్లించే అసలు మూల్యం రేటులోనే ఇమిడి ఉంటుంది. టీవీలో, పత్రికలో కనిపించే డాలరు ధర బ్యాంకుల మధ్య టోకు వ్యాపారానిది. నోట్లు అమ్మే రేటు దానికంటే ఎక్కువ ఉంటుంది, నోట్లు తిరిగి కొనే రేటు తక్కువ. ‘కమీషన్ లేదు’ అని రాసిపెట్టిన చోట కూడా ఈ తేడా ఉంటుంది. అందులో తప్పేమీ లేదు, ఆ వ్యాపారానికి ఆదాయం అదే. కానీ రెండు దుకాణాలను పోల్చుకునేటప్పుడు కమీషన్ ఎంతని అడిగితే లాభం లేదు. వెయ్యి డాలర్లు చేతికి రావాలంటే పన్నులతో సహా మొత్తం ఎన్ని రూపాయలు కట్టాలని అడగాలి.

రేటుకు తోడు పడేది జీఎస్టీ. మొత్తం సొమ్ముపై కాకుండా, చట్టం లెక్కగట్టిన సేవ విలువపై 18 శాతం వేస్తారు. లక్ష రూపాయల లోపు మారకానికి ఆ విలువ ఒక శాతం, కనీసం 250 రూపాయలు. లక్ష నుంచి పది లక్షల దాకా 1,000 రూపాయలు, దానికి తోడు లక్ష దాటిన మొత్తంలో అర శాతం. ఆపైన 5,500 రూపాయలు, పది లక్షలు దాటిన మొత్తంలో 0.1 శాతం, అంతా కలిపి 60,000కు మించకుండా. కనుక ఎంత చిన్న కొనుగోలుకైనా పన్ను కనీసం 45 రూపాయలు పడుతుంది. లెక్క సులువు కోసం డాలరు 87 రూపాయలకు అమ్ముతున్నారనుకుంటే, వెయ్యి డాలర్లకు 87,000, పన్ను 156 రూపాయల 60 పైసలు.

ఈ సొమ్మును నోట్లుగా కట్టడానికి వీల్లేదు. విదేశీ మారకం కొనుగోలు 50,000 రూపాయలు దాటితే చెక్కు, డీడీ, కార్డు వంటి బ్యాంకు మార్గంలోనే చెల్లించాలని రిజర్వు బ్యాంకు నియమం. డెబిట్ కార్డు అవసరం పడేది ఇక్కడే, పేచీ వచ్చేదీ ఇక్కడే. కార్డు గీకినప్పుడల్లా దుకాణదారు తన బ్యాంకుకు ఎండీఆర్ అనే రుసుము ఇచ్చుకోవాలి. 2018 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన గరిష్ఠ పరిమితి ప్రకారం, ఏడాది వ్యాపారం 20 లక్షలు దాటిన వ్యాపారికి ఇది 0.90 శాతం, ఒక్కో లావాదేవీకి 1,000 రూపాయలకు మించకూడదు. పై ఉదాహరణలో 783 రూపాయల దాకా అవుతుంది. డాలరుకు అర్ధరూపాయి మిగుల్చుకునే వ్యాపారికి వెయ్యి డాలర్ల మీద వచ్చేదే 500. అందుకే చాలాచోట్ల ‘కార్డు వద్దు, నెఫ్ట్ చేయండి’ అంటారు, లేదా కార్డుకు వేరే రేటు చెబుతారు. వ్యాపారి ఇబ్బంది నిజమైనదే. అయినా డెబిట్ కార్డు ఎండీఆర్‌ను కొనుగోలుదారు మీదికి నెట్టకుండా చూడాలని రిజర్వు బ్యాంకు బ్యాంకులకు చెప్పింది. రూపే డెబిట్ కార్డులకైతే 2020 జనవరి 1 నుంచి ఎండీఆర్ లేనే లేదు. కాబట్టి రూపే కార్డు ఇచ్చినవారిని ఒకటి రెండు శాతం అదనంగా అడిగితే దానికి ఆధారం లేదు. పొదుపు ఖాతా నుంచి ఆన్‌లైన్‌లో నెఫ్ట్ చేసినా అదే నెల నుంచి ఛార్జీ లేదు. ఎవరికీ నొప్పి లేని దారి అదే. కార్డుకు రోజువారీ పరిమితి ఉంటుందన్న సంగతి కూడా ముందే చూసుకోవాలి. లేకపోతే కౌంటర్ దగ్గర లావాదేవీ ఆగిపోతుంది.

కొనడానికి పాస్‌పోర్టు, పాన్ కార్డు, ఏ-2 ఫారం కావాలి. టికెట్టు, వీసా కూడా సాధారణంగా అడుగుతారు. ప్రయాణానికి 60 రోజుల ముందు నుంచే ఇస్తారు. నోట్ల రూపంలో ఒక ప్రయాణానికి మామూలుగా 3,000 డాలర్ల విలువ మాత్రమే. మిగతాది ఫారెక్స్ కార్డులోకో మరో రూపంలోకో వెళ్లాలి. నేపాల్, భూటాన్ ప్రయాణాలకు విదేశీ మారకం ఇవ్వరు.

విదేశంలో కార్డు గీకినప్పుడు

ఖర్చు పెరిగేది ఇక్కడ. ముందుగా వీసా, మాస్టర్‌కార్డ్ వంటి నెట్‌వర్కు తన రేటు ప్రకారం డాలరును రూపాయల్లోకి మారుస్తుంది. ఆ రేటు టోకు ధరకు దగ్గరగానే ఉంటుంది. దానిమీద మన బ్యాంకు మార్కప్ వేస్తుంది. చాలా బ్యాంకుల్లో ఇది 2 నుంచి 3.5 శాతం. మార్కప్ మీద 18 శాతం జీఎస్టీ. నెట్‌వర్కు రేటు 85 అనుకుని, 3.5 శాతం మార్కప్‌తో వెయ్యి డాలర్ల లెక్క ఇలా తేలుతుంది: 85,000 అసలు, 2,975 మార్కప్, 535 రూపాయల 50 పైసలు పన్ను. మొత్తం 88,510 రూపాయల 50 పైసలు. కౌంటర్‌లో 87 రూపాయల రేటుకు కొన్నవారికంటే 1,353 రూపాయల 90 పైసలు ఎక్కువ. రేట్లు మారితే ఈ తేడా తగ్గవచ్చు, పెరగవచ్చు, తారుమారు కూడా కావచ్చు. కానీ 3.5 శాతమని చెప్పినది పన్నుతో 4.13 శాతమవుతుందన్నది మాత్రం మారదు.

ఏటీఎంలో తీస్తే మార్కప్‌తో పాటు ప్రతిసారీ స్థిర రుసుము ఉంటుంది. ఎక్కువ బ్యాంకుల్లో వంద రూపాయలకు పైనే. ఆ దేశపు ఏటీఎం యజమాని విడిగా మరో రుసుము వసూలు చేయవచ్చు. నిల్వ ఎంతుందో చూసుకున్నా, డబ్బు చాలక లావాదేవీ విఫలమైనా ఛార్జీ వేసే బ్యాంకులున్నాయి. ఇరవై డాలర్ల చొప్పున అయిదుసార్లు తీసే కుర్రాడికి స్థిర రుసుమే పెద్ద దెబ్బ. ఒకేసారి వంద తీసుకుంటే అది ఒక్కసారే పడుతుంది.

మరొకటి, మిషన్ తెర మీద కనిపించే ప్రశ్న: ‘రూపాయల్లో చెల్లిస్తారా, స్థానిక కరెన్సీలోనా?’ రూపాయల్లో అంటే మనకు అర్థమయ్యే అంకె వస్తుంది గనక చాలామంది అదే నొక్కుతారు. అలా నొక్కితే మారకపు రేటును అక్కడి దుకాణదారు బ్యాంకు నిర్ణయిస్తుంది, తన లాభం అందులోనే కలుపుకుంటుంది. లావాదేవీ రూపాయల్లో జరిగినా దుకాణం విదేశానిది కాబట్టి మన బ్యాంకు కూడా రుసుము వేసే వీలుంది. స్థానిక కరెన్సీని ఎంచుకోవడమే దాదాపు ప్రతిసారీ చౌక.

కొత్తగా ఇచ్చే కార్డులో విదేశీ వాడకం మూసి ఉంటుంది. 2020 అక్టోబర్ 1 నుంచి ఇది నియమం. బ్యాంకు యాప్‌లో తెరుచుకోవాలి. శంషాబాదు విమానాశ్రయానికి బయల్దేరే ముందు ఇంట్లోనే ఆ పని చేసుకోవడం మేలు. విదేశానికి చేరాక ఓటీపీ వచ్చే ఫోన్ నంబరు పనిచేయకపోతే అన్నీ చిక్కులే.

పరిమితి, పన్ను

కౌంటర్‌లో కొన్నా, విదేశంలో డెబిట్ కార్డు వాడినా, ఆ సొమ్ము సరళీకృత చెల్లింపుల పథకం కిందికి వస్తుంది. 2004 ఫిబ్రవరిలో 25,000 డాలర్లతో మొదలైన ఈ పథకం పరిమితి పెరుగుతూ వచ్చి, 2013 ఆగస్టులో రూపాయి పతనమైనప్పుడు 75,000కు తగ్గి, 2015 నుంచి ఏడాదికి 2,50,000 డాలర్లుగా ఉంది. విదేశాల్లో క్రెడిట్ కార్డు ఖర్చునూ ఇందులో చేర్చాలని 2023 మే నెలలో ఉత్తర్వు వచ్చింది. విమర్శలు రావడంతో జూన్‌లో దాన్ని వాయిదా వేశారు. డెబిట్ కార్డుకు ఆ మినహాయింపు లేదు. ఒక ఆర్థిక సంవత్సరంలో ఈ పథకం కింద పంపినది 10 లక్షలు దాటితే, దాటిన భాగంపై బ్యాంకు మూలంలో పన్ను వసూలు చేస్తుంది. మామూలు ప్రయాణ ఖర్చులకు ఇది 20 శాతం. 2025 ఏప్రిల్ 1కి ముందు పరిమితి 7 లక్షలుండేది. ఇది రుసుము కాదు. ఆదాయపు పన్ను రిటర్నులో చూపించి సర్దుబాటు చేసుకోవచ్చు, వాపసు పొందవచ్చు. రిటర్ను వేసే అలవాటు లేనివారు కూడా, రిటర్ను వేస్తే, ఈ సొమ్మును వదులుకోవాల్సిన పని లేదు.

బ్యాంకు చెప్పినదానికంటే ఎక్కువ కోసిందనిపిస్తే ముందు బ్యాంకుకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సమ్మతం కాకపోయినా, 2021 నవంబర్ 12న మొదలైన రిజర్వు బ్యాంకు ఏకీకృత అంబుడ్స్‌మన్ పథకం ఉంది. ఫిర్యాదుకు రుసుము లేదు. మనీ ఛేంజర్ ఇచ్చిన బిల్లు, కార్డు చీటీ, రేటు కనిపించే ఎస్‌ఎంఎస్ దాచుకున్నవారికి పని తేలికవుతుంది.

తిరిగి వచ్చాక మిగిలిన నోట్లను 180 రోజుల్లో అప్పగించాలి. 2,000 డాలర్ల విలువ వరకు దగ్గర ఉంచుకోవచ్చు. అమ్మేటప్పుడు కొనుగోలు రేటు వర్తిస్తుంది గనక రెండోసారి తేడా పడుతుంది, జీఎస్టీ కూడా మళ్లీ పడుతుంది. మళ్లీ ప్రయాణం ఉన్నవారు ఆ మేరకు నోట్లు ఉంచుకోవడమే నయం. నాణేలను కౌంటర్లలో సాధారణంగా తీసుకోరు. వాటిని ఉంచుకోవడానికి పరిమితి కూడా లేదు.