ఇంటి ఉప్పునీటి తొట్టిలో మెత్తని పగడాల ప్రవర్ధనం

మెత్తని పగడాలు చూపునకు మొక్కలవలె కనిపించినా అవి జంతువులే. రాతి పగడాలకున్న గట్టి సున్నపు గూడు వీటికి ఉండదు. దేహంలో సన్నని సున్నపు ముళ్లు మాత్రమే ఉంటాయి. చాలా జాతుల కణజాలంలో సూక్ష్మ శైవలాలు నివసిస్తూ, వెలుతురు సాయంతో ఆహారాన్ని తయారుచేసి పగడానికి అందిస్తాయి.

తెగిన ముక్క తిరిగి సంపూర్ణ జీవిగా ఎదగడం వీటి సహజగుణం. మందార కొమ్మను నాటి కొత్త మొక్కను పొందినట్లే, ఒక తల్లి పగడం నుంచి అనేక పిల్లలను పొందవచ్చు. తొలి ప్రయత్నానికి పుట్టగొడుగు ఆకారంలో ఉండే సార్కోఫైటాన్, చేతివేళ్లను పోలిన సైనులేరియా అనుకూలమైనవి.

నీటి స్థితి

ఉష్ణోగ్రత 24 నుంచి 26 డిగ్రీల సెల్సియస్, సాపేక్ష సాంద్రత సుమారు 1.025 ఉండాలి. బళ్లారి, బరంపురం వంటి ఊళ్లలో వేసవి వేడికి తొట్టి నీరు సులభంగా 30 డిగ్రీలు దాటుతుంది. నీటిపైకి గాలి వీచేలా చిన్న ఫ్యాను అమర్చితే చల్లబడుతుంది. నీరు ఆవిరైనా ఉప్పు తొట్టిలోనే నిలుస్తుంది. కనుక తగ్గిన మేరకు శుద్ధిచేసిన మంచినీటినే చేర్చాలి. ఉప్పునీరు చేరిస్తే లవణీయత పెరిగి పగడాలు ముడుచుకుపోతాయి.

విధానం

నెలల తరబడి ఆరోగ్యంగా ఉన్న పగడాన్నే ఎంచుకోవాలి. తొట్టి నీటినే వేరొక గిన్నెలోకి తీసుకొని, పదునైన శుభ్రమైన బ్లేడుతో అంచునుంచి 2–3 సెంటీమీటర్ల ముక్కను ఒకే కోతతో వేరుచేయాలి. జిగురు పొర కారణంగా దీనిని గమ్‌తో అతికించడం కష్టం. చిన్న రాతిపై ఉంచి, వలగుడ్డతో వదులుగా కప్పి కట్టాలి. బిగించి కడితే దారం ముక్కను కోసివేస్తుంది. నీటి ప్రవాహం మెల్లగా ఉన్నచోట ఉంచితే సాధారణంగా ఒకటి నుంచి మూడు వారాల్లో రాతిని అంటుకుంటుంది. తల్లి పగడం కొన్నాళ్లు ముడుచుకొని ఉన్నా క్రమంగా కోలుకుంటుంది. కోసినప్పుడు విడుదలయ్యే విషపదార్థాలను తొలగించడానికి ఉత్తేజిత బొగ్గు వాడి, కొంత నీటిని మార్చాలి.

హెచ్చరిక

వీటితోపాటు అమ్మే జోయాంథస్ వర్గపు జీవుల్లో కొన్నింటిలో పాలిటాక్సిన్ అనే తీవ్రమైన విషం ఉంటుంది. చేతితొడుగులు, కళ్లద్దాలు లేకుండా వాటిని కోయరాదు. అవి పెరిగిన రాళ్లను ఎట్టి పరిస్థితుల్లోనూ ఉడికించరాదు, వేడినీటితో కడగరాదు. ఆ ఆవిరి పీల్చినా ప్రాణాపాయమే. గదిలో ఉన్నవారందరికీ ఆ ముప్పు ఉంటుంది.

చట్టం

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో 2001లో రాతి పగడాలు, నల్ల పగడాలు, అగ్ని పగడాలు, సముద్రపు విసనకర్రలు చేరాయి. వాటి సేకరణ, వ్యాపారం నేరం. రామేశ్వరం, తూత్తుకుడి మధ్య 21 దీవులతో కూడిన మన్నారు సింధుశాఖ 1986లో సముద్ర జాతీయ ఉద్యానమైంది. అక్కడ మెత్తని పగడాలను సైతం తీయరాదు.

ఇంట్లో పెరిగిన పిల్లను తోటి పెంపకందారుకు ఇస్తే, ఆ మేరకు సముద్రం నుంచి తీయవలసిన అవసరం తగ్గుతుంది. ఒక తొట్టి పాడైనా ఆ జాతి మరొక ఇంట బ్రతికి ఉంటుంది.